చీకట్లో పెరిగిన నారు

"ఇవి చీకట్ల పెరిగినయి," అన్నాడు పోలీసు జమేదార్ ఇస్హాక్, గుమ్మడి మొక్కనొకదాన్ని మోదుగాకు దొప్పతో సహా పైకెత్తి చూస్తూ.

బాలమణి చేయి గుంతలోని తడిమట్టిలోనే ఆగిపోయింది.

అప్పటికి ఇల్లంతా వెదకడం అయిపోయింది. వంటిల్లు, నడిమిల్లు, అటక, ఆఖరికి కోళ్లగూడును కూడా వదల్లేదు జవాన్లు. వాళ్లు వచ్చింది బాలమణి మొగుడు జగన్‌మోహన్ కోసం. న్యాల్‌కల్ సంతలో నలుగురూ చూస్తుండగా మూడు రంగుల జెండా ఎత్తాడతను. నలభై ఎనిమిదిలో, నిజాం రాజ్యంలో, జహీరాబాద్ చుట్టుపక్కల అంతకంటే పెద్ద నేరం ఇంకోటి లేదు. ఇంటి వెనక గోడకు ఆనించి పిడకల కుప్ప ఉంది. కుప్ప వెనక చిన్న తలుపు, తలుపు వెనక జొన్నలు పోసే గది. అతను ఉన్నది అందులోనే. పిడకలు కదిపి చూడాలని ఇంకా ఎవరికీ తట్టలేదు.

బూట్ల చప్పుడు వినగానే బాలమణి పెరట్లోకి పరిగెత్తి నారు ముందేసుకుని కూర్చుంది. తొలకరి పడింది కదా, మొక్కలు నాటుకునే ఆడదాన్ని ఎవరు అనుమానిస్తారని తన తెలివికి తానే మురిసిపోయింది. పిచ్చిది! ఆ నారును పొద్దుపోక ఆ గదిలోనే కూర్చుని మొలకెత్తించింది జగన్‌మోహనే. ఆ సంగతి మొక్కల ముఖం మీదే రాసి ఉంటుందని ఆమెకేం తెలుసు?

"నారంటే గిట్లనే ఉంటది గద సాబ్," అంది బాలమణి.

"ఉండదక్కా. మా అమ్మీ కూడ పెరట్ల కద్దు పెట్టేది. గుమ్మడి మొక్క అంటే పొట్టిగ, బలంగ ఉండాలె. దీన్ని చూడు, జానెడు సాగింది. తెల్లగ పాలిపోయింది. నిలబడ చాతనైతలేదు. వెలుగు కోసం ఎంత కొట్టుకున్నదో."

"గంప బోర్లేసి పెట్టిన. కోళ్లు పొడుస్తయని."

"గంప సందులకెల్లి వెలుగొస్తది. వెలుగు ఏ దిక్కుంటే మొక్క ఆ దిక్కు వంగుతది. ఇవి ఏ దిక్కూ వంగలే." ఇస్హాక్ తల తిప్పి ఇంటికేసి చూశాడు. "నేను చూసిన గదులన్నిటికీ కిటికీలున్నయి."

బాలమణికి పై ప్రాణాలు పైనే పోయాయి. అటు చూడకూడదు, పిడకల వైపు అసలే చూడకూడదు అనుకుంటూ చేతిలోని మట్టినే పిసుకుతూ కూర్చుంది.

అంతలో వెనక గుమ్మంలోకి అమీన్ సాబ్ వచ్చాడు. జమేదార్‌కీ జవాన్లకీ పైఅధికారి ఆయనే. చేతిలో కొరడా, ముఖంలో విసుగు.

"క్యా ఇస్హాక్, దొరికిండా?"

"చూస్తున్న సాబ్."

అమీన్ సాబ్ బాలమణి వైపు తిరిగాడు. "సునో బాయీ. వాడు ఈడనే ఉన్నడని నాకు ఖబర్ ఉంది. నీ అంతట నువ్వు చూపిస్తే జైలు. మేం పట్టుకుంటే గోలీతో కాల్చుడే. సోచ్ లో." అంతే, వచ్చినంత విసురుగా ముందువైపుకు వెళ్లిపోయాడు.

ఇస్హాక్ ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. గుంతలో చేయి పెట్టి మరికాస్త లోతు చేశాడు. సాగిన మొక్కను అందులోకి దించి, ఆకుల కింది దాకా మట్టి కప్పాడు.

"మెడ దాక పూడ్చాలె. లేకుంటే గాలికి ఇరుగుతది," అన్నాడు. తల ఎత్తకుండానే మళ్లీ అడిగాడు. "యాడ పెంచినవక్కా ఇవి?"

బాలమణికి మహాదేవప్ప గుర్తొచ్చాడు. జగన్‌మోహన్‌తో కలిసి జెండా పట్టిన మనిషి. చెరుకు తోటలో దాక్కుంటే పట్టుకున్నారు. ఇంటికి ఎడ్లబండిలో తెచ్చారు, గోనెపట్టా కప్పి. ఆయన పెళ్లాం తారాబాయి అరిచిన అరుపు బాలమణి చెవుల్లోంచి ఇంకా పోలేదు.

జైలైతే నయం కదా. జైలుకు పోయినవాళ్లు తిరిగొస్తారు. తల నెరిసి రానీ, కాలు విరిగి రానీ, రావడమంటూ ఉంటుంది. సద్ది కట్టుకుని ఎంత దూరమైనా వెళ్లి చూసి రావచ్చు. ఈ జమేదార్‌కు ఎలాగూ తెలిసిపోయింది. ఇక నాలుగు పిడకలు లాగితే చాలు. వాళ్లు లాగకముందే తను చెప్పేస్తే మొగుడు ప్రాణాలతో దక్కుతాడు. చెబితే మాత్రం ఈ జన్మలో తన ముఖం చూస్తాడా? చూడకపోతే పోనీ. బతికుంటే చాలు.

"ఇస్హాక్!" ముందువైపు నుంచి అమీన్ సాబ్ కేక. "బోల్, ఏమన్న ఉందా ఆడ?"

ఇస్హాక్ ఆమెనే చూస్తున్నాడు.

బాలమణికి ఏడుపు పొంగుకొచ్చింది. మట్టి అంటిన కుడిచేయి పైకి లేచింది. చూపుడువేలు నెమ్మదిగా పిడకల కుప్ప వైపు తిరిగింది.

ఇస్హాక్ చటుక్కున ఆ వేలు పట్టుకున్నాడు. దాన్ని ఆమె పిడికిట్లోకే మడిచి, పిడికిలిని తన రెండు చేతులతో గట్టిగా మూసేశాడు.

"ఏం లేదు సాబ్, ఒట్టి కద్దు నారు," అని ముందువైపుకు కేకేసి, ఆమెకు మాత్రమే వినబడేలా అన్నాడు.

"గుమ్మడి కాడ వేలు వెట్టి చూపొద్దక్కా, పిందె కుళ్లిపోతది."