బంధువుల లెక్క

శ్రీకాకుళంలో డాక్టర్లకి జన్యు గణాంకాల పాఠం చెప్పడానికి సింధూరి వచ్చింది. ముందు వరసలోనే చంద్రమౌళి కనిపించాడు. ఆరేళ్ల కిందట ఆమె ఇల్లిల్లూ తిరిగి తెచ్చిన రక్తనమూనాలతో కిడ్నీ జబ్బు మీద పేపరు రాసి, ఆమె పేరు తీసేసి అచ్చువేసుకున్న గురువు ఆయనే.

ఆ పేపరునే ఆమె తెర మీద పెట్టింది.

“ఈ రెండొందల మందీ మా బెస్తపల్లె వాళ్లే. అన్నీ మేనరికాలే. చుట్టాల్ని పరాయివాళ్లుగా లెక్కేస్తే, ఏ పాపం ఎరగని జన్యువు కూడా జబ్బుకి కారణంలా కనిపిస్తుంది. ఇంత తప్పు చేసిందెవరో పైన పేరు చదవండి.”

హాలంతా చదివి నవ్వింది. చంద్రమౌళి తల దించుకున్నాడు. సింధూరికి కడుపు చల్లబడింది.

క్లాసయ్యాక ఆయన దగ్గరకొచ్చాడు. “ఈ తప్పు నీకెప్పుడు తెలిసిందమ్మా?”

“మీరు అచ్చుకి పంపకముందే సార్. పదిమందిలో సెప్పాలనే ఇన్నాళ్లూ దాసేను.”

“నాకు ఇవాళే తెలిసింది. జబ్బు మీ రక్తంలోనే ఉందని నేను రాసింది నమ్మి, మీ పల్లెలో నీళ్ల మీద అనుమానంతో చేస్తున్న పరీక్షలు సర్కారు వాళ్లు అప్పుడే ఆపేశారు.”

సింధూరి అక్కడికక్కడే అమ్మకి ఫోన్ చేసింది. “అమ్మా, ఆ బోరింగు నీళ్లు తాగొద్దు.”

“ఇన్నేళ్లూ అవే తాగుతన్నాం గదే. ఇప్పుడేటే కొత్తగా?”