అమ్మిరాజు పంపని మనిషి

నాగమణి కూతురి సంచిలో ఎండురొయ్యల పొట్లం మూడోసారి పెట్టింది.

సుమ మూడోసారి తీసి బల్ల మీద పెట్టింది.

"హాస్టల్లోంచి గెంటేస్తారమ్మా!"

"గెంటేస్తే ఇంటికొచ్చెయ్యి."

నవ్వుతూనే అంది గానీ, నాగమణికి పొద్దుటి నుంచీ కాలు ఒకచోట నిలవడం లేదు. సుమకు పాండిచ్చేరిలో కరెంటు ఆఫీసు ఉద్యోగం వచ్చింది. యానాం వాళ్లకు ఉన్నది ఒకటే పోస్టు. సోమవారం సంతకం పెట్టకపోతే జాబితాలో తరవాతి వాళ్లకు ఇచ్చేస్తారు. ఈ రోజు శనివారం. సామర్లకోటలో మూడింటి రైలు అందుకోవాలి.

వీధిలోంచి కాలిన వాసన వచ్చింది. వెనకే భర్త లక్ష్మణరావు కేక.

"ఏమేవ్! కారు చచ్చింది!"

లక్ష్మణరావుకు రొయ్యల చెరువులున్నాయి. రొయ్యపిల్లలను డ్రమ్ముల్లో తెచ్చేటప్పుడు, నీళ్లలో గాలి కొట్టే చిన్న మోటారును కారు బ్యాటరీకే తగిలిస్తాడు. దాంతో మెయిన్ ఫ్యూజు రెండుసార్లు పోయింది. మూడోసారి విసుగొచ్చి, ఫ్యూజు తీసేసి ఆ చోట రాగితీగ నాలుగు పేటలు చుట్టేశాడు.

ఇవాళ రాగితీగ నిక్షేపంగా ఉంది. వైర్లే కరిగిపోయాయి.

శ్రావణమాసం. టాక్సీలన్నీ పెళ్లిళ్లకు పోయాయి. బస్సెక్కితే రైలు అందదు. లక్ష్మణరావు మెట్టకూరు మెకానిక్కు అమ్మిరాజుకు ఫోన్ చేశాడు.

పావుగంటలో గేటు ముందు సైకిలు ఆగింది. గళ్ల చొక్కా, ముప్పై దాటిన మనిషి.

"సుమ గారిల్లు ఇదేనాండీ?"

"ఇదే, ఇదే! అమ్మిరాజు పంపాడా? రావయ్యా బాబూ!" లక్ష్మణరావు చెయ్యి పట్టుకుని కారు దగ్గరికి లాక్కుపోయాడు.

అతనేదో చెప్పబోయి, ఎత్తి ఉన్న బానెట్‌లోకి చూసి ఆగిపోయాడు.

"ఈ రాగితీగ ఎవరు చుట్టారండీ?"

"నేనే. గట్టిగా ఉంటుందని."

"ఫ్యూజుండేది కాలడానికేనండి. అది కాలకపోతే కారు కాలుద్ది."

"అలా చెప్పు బాబూ! నా మాట ఎప్పుడు విన్నారని?" అంది నాగమణి, ఆ సంగతి తనకూ అప్పుడే తెలిసినా.

సుమ పక్కున నవ్వింది.

"ఎన్నింటికండి మీ రైలు?" అడిగాడతను.

"మూడింటికండి. సోమవారం నేను అక్కడ లేకపోతే ఉద్యోగం పోద్ది."

అతను గడియారం చూసుకున్నాడు. తరవాత చొక్కా చేతులు పైకి మడిచాడు.

"ముందు బ్యాటరీ వైరు ఊడదియ్యాలి. స్క్రూడ్రైవరుందాండీ? టేపు?"

"మెకానిక్కువై ఉండి సామాను తెచ్చుకోలేదేంటయ్యా?"

"మర్చిపోయానండి."

కాలిన ముక్కలను ఒక్కొక్కటే కత్తిరించాడు. చెరువు మోటార్ల కోసం లక్ష్మణరావు దాచిన వైర్ల కట్టల్లోంచి సరైన లావుది ఏరుకున్నాడు. సుమ వైరు కొసలు ఒలిచి అందిస్తోంది, అతను కలిపి టేపు చుడుతున్నాడు.

"మీకు చెయ్యి బాగా తిరిగిందండి."

"డిప్లమోలో ఫస్టొచ్చింది మా పిల్ల," అంది నాగమణి.

"తెలుసండి," అన్నాడతను, తలెత్తకుండా.

ఎలా తెలుసో అడగడానికి అక్కడెవరికీ తీరిక లేదు.

చివరికి లేచి చేతులు తుడుచుకున్నాడు. "మెయిన్ ఫ్యూజు కొత్తది కావాలండి. తెచ్చేత్తాను." సైకిలెక్కి వెళ్లాడు.

పది నిమిషాలు. ఇరవై.

"పోయాడు. ఇంక రాడు," అన్నాడు లక్ష్మణరావు.

రాకపోతే బాగుణ్ణు, పిల్ల ఇంట్లోనే ఉండిపోతుంది అనుకుంది నాగమణి. మరుక్షణం, ఎవరూ చూడకుండా లెంపలేసుకుంది.

అతను వచ్చాడు. చొక్కా చెమటకు ఒంటికి అతుక్కుపోయింది.

"మూడు కొట్లు తిరిగానండి."

ఫ్యూజు బిగించాడు. లక్ష్మణరావు తాళం తిప్పాడు. కారు బతికింది. ఏడాదిగా కదలని వైపర్లు కూడా టకటకా ఊగాయి.

"వీటికేం రోగం, ఇన్నాళ్లూ?" అంది సుమ. అందరూ నవ్వారు.

"అన్నం తినెళ్లు బాబూ."

"ఇంకోసారి తింటానండి." సైకిలెక్కి, సుమ వైపు తిరిగాడు. "ఆఫీసు పదింటికని ఆగకండి. సోమవారం తొమ్మిదింటికే వెళ్లి నిలబడండి."

సుమకు రైలు అందింది.

నాలుగింటికి, నాగమణి ఒక్కతే ఇంట్లో ఉండగా, మోపెడ్ మీద రొప్పుతూ అమ్మిరాజు దిగాడు.

"దారిలో పంక్చరయిందండమ్మా. కారేదండీ?"

"నీ మనిషొచ్చి బాగుచేసి వెళ్లాడుగా!"

"నా మనిషా? నేనెవర్నీ పంపలేదండి!"

నాగమణి ఆనవాళ్లు చెప్పింది. గళ్ల చొక్కా, కనుబొమ్మ మీద మచ్చ.

"ఆయ్, మరియదాసండి! ఊరు దరియాలతిప్ప. ఆయన మెకానిక్కు కాదండమ్మా, డిప్లమో చదివారు."

రేపు వెళదాం, ఎల్లుండి వెళదాం అనుకుంటూ ఎనిమిది రోజులు గడిచాయి. పై ఆదివారం చొక్కాగుడ్డ, అరటిపళ్లు పట్టుకుని మొగుడూ పెళ్లాలిద్దరూ దరియాలతిప్ప వెళ్లారు.

మరియదాసు తల్లి ఫిలోమినా అరుగు మీద వల బాగుచేసుకుంటోంది.

"లేడమ్మా. పోర్టుబ్లెయిర్ వెళ్లాడు, వాళ్ల మావయ్య దగ్గరికి. వైరింగు పని."

"అయ్యో! భోంచేయమని పిలుద్దామని వచ్చాం. ఆ రోజు అసలు మా ఇంటికి ఎందుకొచ్చాడమ్మా?"

"మీ అమ్మాయి పాండిచ్చేరి వెళ్తందో లేదో కనుక్కొస్తానని బయల్దేరాడమ్మా. సాయంత్రం నవ్వుతా వచ్చాడు. 'వెళ్తందే అమ్మా, నేనే పంపించొచ్చాను' అన్నాడు."

"అతనికెందుకు మా పిల్ల సంగతి?"

ఫిలోమినా వల పక్కన పెట్టి, వాళ్లు కూర్చోవడానికి చాప పరిచింది.

సుమ చేరకపోతే ఆ ఉద్యోగం దక్కవలసిన రెండో పేరు మరియదాసుది. వయసు దాటిపోకముందు అతను రాయగలిగిన ఆఖరి పరీక్ష అది. 2007 ఆగస్టు 29న విశాఖలో ఓడెక్కిన అతను మళ్లీ యానాం రాలేదు.