పొమ్మనలేక

"ఈసారి కూడా అమ్ముడుపోలేదో, నేనే దాన్ని తోసుకెళ్ళి పాత ఇనుప సామాన్లవాడి మొహాన కొట్టొస్తా," అంది భార్య గుమ్మంలోంచి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని.

వాచీల మేస్త్రి తల ఎత్తలేదు. వరండాలో స్టాండు వేసిన పాత మోటారు సైకిలు పక్కన గొంతుక్కూచుని, కార్బురేటర్ విప్పడానికి చిన్న స్క్రూడ్రైవరు వెతుక్కుంటున్నాడు.

"బండి కొంటానన్న ఎలక్ట్రీషియన్ ఇప్పుడే ఫోన్ చేశాడు. గంటలో వస్తాడట," అన్నాడు.

"వచ్చేవాళ్ళకేం కరువు? రావడం, కిక్కు కొట్టడం, ఆ నల్లటి పొగకి దగ్గుకుంటూ పోవడం. పొమ్మనలేక పొగబెట్టినట్టు! ఊరందరి వాచీలూ బాగుచేస్తారు, ఇంట్లో బండి మాత్రం మీకు లొంగదు."

"వాచీలో పెట్రోలు పొయ్యం కదే."

ఒకప్పుడైతే ఇద్దరూ నవ్వేవాళ్ళు. ఇప్పుడు ఆ మాట అలా గాల్లోనే ఉండిపోయింది.

నిజానికి పొగబెట్టింది మేస్త్రే. కొనడానికి ఎవరైనా వస్తున్నారంటే చాలు, భార్య చూడకుండా ఎయిర్ స్క్రూ పూర్తిగా బిగించేసేవాడు. గాలి అందక ఇంజను నల్లగా పొగ కక్కేది, బేరం తప్పేది. పైకి మాత్రం "అయ్యో" అని నిట్టూర్చేవాడు. పాము చావలేదు, కర్రా విరగలేదు. కొడుకు పోయాక వాడి గొంతులాంటిది ఇంట్లో ఏదైనా మిగిలిందంటే అది ఈ బండి చప్పుడే.

కానీ నిన్న అన్నం ముందు కూచుని ఆవిడ అంది, "అది అక్కడ నిలబడి ఉంటే నాకు ముద్ద దిగడం లేదండీ." పోయినవాడి కోసం ఉన్నదాన్ని ఏడిపించడం దేనికి అనుకున్నాడు మేస్త్రి. ఇవాళ నిజంగానే అమ్మేస్తాడు.

కార్బురేటర్ అడుగున ఉండే గిన్నె విప్పాడు. లోపలి నుంచి బియ్యపుగింజ కంటే కాస్త పెద్దదైన ఇత్తడి జెట్టు తీసి వెలుగుకు ఎత్తి చూశాడు. నడుమ సూదిమొనంత రంధ్రం. బండి పరుగెత్తాలంటే పెట్రోలు ఆ రంధ్రంలోంచే పోవాలి. నోటితో గట్టిగా ఊది, మళ్ళీ బిగించి, గిన్నె మూసేశాడు.

కిక్కు కొట్టాడు. ఎయిర్ స్క్రూ కొంచెం కొంచెంగా వదులు చేస్తుంటే చప్పుడు తేటపడుతూ వచ్చింది. తేటపడిన చోట ఆపాడు. యాక్సిలరేటర్ తిప్పి చూశాడు. వాడు వీధి మలుపు తిరిగేటప్పుడు వినిపించేది సరిగ్గా ఇదే.

ఆవిడ ముక్కు మీంచి కొంగు జారింది.

"వింటున్నావా?" అన్నాడు.

"చెవుడేం రాలేదు నాకు," అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

తనకు ఏడుపు వస్తుందేమో అని మేస్త్రి కాసేపు ఆగి చూశాడు. రాలేదు. పళ్ళ డాక్టరు సూది పొడిచాక బుగ్గ ఎలా ఉంటుందో, లోపలంతా అలా ఉంది. ఇంజను ఆపి స్నానానికి వెళ్ళాడు.

వచ్చేసరికి ఆవిడ చొక్కా తీసి పట్టుకుని ఉంది. తొడుక్కుంటుంటే గుప్పుమని పెట్రోలు వాసన. ఎంత సబ్బు రుద్దినా తన చేతుల్ని వదల్లేదనుకున్నాడు.

ఎలక్ట్రీషియన్ వచ్చాడు. బండి చుట్టూ తిరిగాడు, టైర్లు నొక్కాడు, ఒక్క కిక్కుకే ఇంజను అందుకునేసరికి కళ్ళు ఇంతింత చేసుకున్నాడు.

"అబ్బ! మీ చేతిలో పడితే బండి కూడా గడియారమేనండీ మేస్త్రిగారూ! ఎక్కడా పొగే లేదు. ఉండండి, వీధి చివరిదాకా వెళ్ళొస్తా."

మేస్త్రి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. బండి కదిలింది. నాలుగిళ్ళు దాటగానే గొంతులో ముద్ద అడ్డం పడ్డట్టు గుక్కపట్టి, దగ్గి, ఆగిపోయింది. మళ్ళీ కిక్కు, మళ్ళీ చక్కగా అందుకోవడం, యాక్సిలరేటర్ తిప్పగానే మళ్ళీ దగ్గు.

ఎలక్ట్రీషియన్ చెమటలు కక్కుతూ తోసుకొచ్చాడు.

"నిలబడితే సింహం, కదిలితే పిల్లి! ఏమనుకోకండి మేస్త్రిగారూ, నేను రోజంతా తిరిగేవాణ్ణి. నాకిది పనికిరాదు." తాళంచెవి చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

"ఇందాక బాగానే ఉందే..." మేస్త్రి మళ్ళీ గొంతుక్కూచున్నాడు. గిన్నె విప్పాడు. జెట్టు ఉండాల్సిన చోట ఖాళీ. తన చేతులతో బిగించినదే! గుడ్డ దులిపాడు. గచ్చంతా అరచేత్తో తడిమాడు.

"ఏమే, ఇత్తడిది, ఇంత ముక్క... నీకేమైనా కనబడిందా?"

ఆవిడ వచ్చింది. ఎన్నాళ్ళకో వరండాలోకి దిగి, బండికి ఆనుకుని అతని పక్కనే కూలబడింది.

"వాడు కార్బురేటర్ విప్పినప్పుడల్లా, 'ఇది పోతే బండి నడవదమ్మా, జాగ్రత్తగా పట్టుకో' అని నా చేతిలోనే పెట్టేవాడు," అంటూ గుప్పిట తెరిచింది. అరచేతిలో ఇత్తడి జెట్టు, ఇందాక చొక్కా తొడుక్కుంటుంటే వచ్చిన అదే పెట్రోలు వాసన.

మేస్త్రి జెట్టు వైపు, ఆవిడ వైపు మార్చి మార్చి చూశాడు.

"మీరు ఎలాగూ పొగబెడతారన్న ధైర్యంతోనే ఇన్నాళ్ళూ అమ్మెయ్యమని అరిచాను," అంది ఆవిడ. "ఇవాళేమో నిజంగానే బాగుచేసి కూచున్నారు!"