సెకండ్‌హ్యాండ్ బాస్

"బాస్ గిటార్ ఇప్పుడు ఎవరూ పెట్టుకోవట్లేదండి, మేస్టారూ. మా ప్రకాష్ కీబోర్డు మీద ఎడంచేత్తో ఆ పని కూడా కానిచ్చేస్తున్నాడు," అన్నాడు ఆర్కెస్ట్రా నడిపే చిట్టిబాబు.

సత్యప్రసాద్ తల దించుకున్నాడు. భార్య విజయ మాత్రం వదల్లేదు.

"ఒక్క ప్రోగ్రాం ఇచ్చి చూడండి, తమ్ముడుగారూ. ఏడాదిగా ఈయన ఇంట్లో ఎవరితోనూ మాట్లాడ్డం లేదండి."

ఏడాది కిందట పక్షవాతం వచ్చి ఆయన ఎడమచెయ్యి పడిపోయింది. కొంత తిరిగొచ్చింది గానీ ఉంగరం వేలు, చిటికెన వేలు మాట వినడం లేదు. ఎవరో వాడి వదిలేసిన తన బాస్ గిటార్‌ని ఇరవై రెండేళ్ల కిందట నర్సాపురంలో కొన్నాడు. పంటు మీద గోదావరి దాటి సఖినేటిపల్లి రేవులో దిగేదాకా దాన్ని ఒళ్లోంచి దించలేదు. ఆ తర్వాత కోనసీమలో ఆయన వాయించని పందిరి లేదు. ఇప్పుడు రోజూ పొద్దున్నే దాన్ని తుడుస్తాడు, తీగ నొక్కి చూస్తాడు, మళ్లీ సంచిలో పెట్టేస్తాడు.

చిట్టిబాబు జేబులోంచి డైరీ తీసి చూశాడు.

"సరేనండి. ఆదివారం రాజోల్లో పెళ్లి రిసెప్షనుంది. వచ్చెయ్యండి. బాగుంటే ఈ సీజనంతా మీరే."

"ఆయ్," అన్నాడు సత్యప్రసాద్.

ఆదివారం స్టేజీ మీద కీబోర్డు దగ్గర ప్రకాష్ పక్కనే నిలబడ్డాడు. మొదటి పాట తడబడింది. ముందు వరసలో విజయ చీరకొంగు నలిపేసుకుంది. అంతలోనే పాట సర్దుకుంది. పదిహేడు పాటలు. బాసు గంభీరంగా మోగుతుంటే పెళ్లివారు లేచి చిందులేశారు.

కిందికి దిగగానే చిట్టిబాబు ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

"పొరబడ్డానండి, మేస్టారూ. వచ్చేవారం అంతర్వేదిలో ప్రోగ్రాం. మీరు ఉండాల్సిందే."

"రానండి. ఇంకెప్పుడూ అడక్కండి."

గిటార్ తీసి ప్రకాష్ చేతిలో పెట్టి, "నువ్వుంచుకో, బాబూ" అన్నాడు. ప్రకాష్ తల ఎత్తలేదు.

తిరుగు ఆటోలో విజయకి ఏడుపు ఆగలేదు.

"ఎందుకు వద్దన్నారండి? మీ బాసుకి నేను కూచున్న కుర్చీ అదిరిపోయిందండి."

సత్యప్రసాద్ ఆమె చేతిని తన చేతిలోకి తీసుకున్నాడు.

"అవును. బాగా మోగింది," అన్నాడు.

మొదటి పాట సగంలోనే ఆయన తన గిటార్‌ని స్పీకరుకి కలిపే వైరు పీకేశాడు.