నూట నలభై గీతలు

"వెనక్కి తిప్పావంటే వేళ్ళు విరగ్గొడతాను," అంది హజియా అసబే.

ఫురేరా నోటుబుక్కు మీంచి చెయ్యి తీసేసింది. "ఆ ఊరి పేరు ఇంతకుముందు ఏం రాశామో చూద్దామని..."

"గీత గియ్యి, ముందుకు పద. తెలియని చోటల్లా గీతే. వెనక్కి చూసుకుంటూ కూర్చున్నవాళ్ళు పుస్తకం పూర్తి చెయ్యరు పిల్లా."

కానో నగరంలో హజియా నవలల కోసం ఎదురుచూసే ఆడవాళ్ళు లేని వీధి లేదు. పద్దెనిమిది రాసింది, అన్నీ బడిపిల్లల నోటుబుక్కుల్లోనే. పంతొమ్మిదోది మొదలుపెట్టగానే పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మూడు నెలల కిందట వుదిల్ అనే ఊరి నుంచి ఫురేరా వచ్చి కలం పట్టుకుంది. హజియా చెబుతుంది, ఫురేరా రాస్తుంది. రంజాన్ ఆఖరి గురువారం పొద్దుగూకేలోగా ప్రెస్సుకి అందితేనే పండగ బజారుకి పుస్తకం. లేకపోతే ఆ వంతు ఇంకో రచయిత్రిది. వచ్చే పండగకి తను ఉంటానన్న నమ్మకం హజియాకి లేదు. వైద్యుణ్ణి అడిగితే ఆయన నీళ్ళు నమిలాడు.

ఆ గురువారం ఇవాళే.

ముంగిట్లో బట్టలారేసే తాడుకి పంచదార అట్టపెట్టెల ముక్కలు వేలాడదీశారు. ఒక్కో ముక్క మీద ఒక్కో ఘట్టం. రాయడం అయిపోయిన ముక్క పొయ్యిలోకి పోతుంది. నలభై ముక్కల్లో రెండు మిగిలాయి. వంటింటి గడియారం పావుగంటకోసారి మోగుతుంది. అది మోగేదాకా కలం ఆగకూడదు. మోగాక ఒక్క నిమిషం వేళ్ళు విదిలించుకోవచ్చు. ఉపవాసంతో ఇద్దరి నాలుకలూ పిడచకట్టుకుపోయాయి. జబ్బుమనిషికి ఉపవాసం అక్కర్లేదని ఇమాము చెప్పినా హజియా వింటేనా?

"అక్షరాలు కోడి కెలికినట్టున్నాయి."

"వేళ్ళు తిమ్మిరెక్కాయి హజియా."

"నావి చచ్చేపోయాయి. రాయి."

కథలో పిల్ల పండగనాడు కొత్తబట్టలు కట్టుకుని తల్లి దగ్గరికి పరిగెత్తుకొస్తుంది. తల్లి నలుగురి ముందూ మొహం తిప్పుకుంటుంది. అంతవరకూ రాసి ఫురేరా తలెత్తింది. "ఈ పిల్లకి తల్లి మీద కోపం రాదా హజియా?"

"వస్తే రానీ. గడియారం మోగలేదు, రాయి."

నలభయ్యో ముక్క మధ్యలో హజియా మాట తడబడింది. పెదవి ఒక పక్కకి జారింది. ఫురేరా కలం పడేసి లేచింది. "చాలు, పడుకోండి. పుస్తకం పోతే పోయింది!"

"పడుకుంటే మళ్ళీ లేవను. కూర్చో. ఎక్కడున్నాం?"

"తలుపు దగ్గర. తల్లి తలుపు తీసింది."

హజియా కళ్ళు మూసుకుని ఒక్కో మాటా కూడదీసుకుంటూ చెప్పింది. ఫురేరా గుడ్లనీరు కుక్కుకుంటూ రాసింది. ఆఖరి ముక్క తాడు మీంచి దిగేసరికి వాకిటి గదిలోంచి కేక వినబడింది.

"సలాం అలైకుం! అయిందా హజియా? అక్కడ ప్రెస్సువాళ్ళు నా పీక మీద కూర్చున్నారు!"

ఇల్యాసు ఆ ప్రెస్సులో కొత్తగా చేరాడు. పరాయి మగవాడు కాబట్టి వాకిటి గది దాటి లోపలికి రాడు. ఆ గది గుమ్మానికి వేలాడే తెర కింద నుంచి ఫురేరా పన్నెండు నోటుబుక్కులు తోసింది.

"ఈ రాసే ఆవిడ ఎవరు హజియా? దస్తూరి ముత్యాల్లా ఉంది."

"వుదిల్ నుంచి వచ్చింది. కబుర్లాపి చూసుకో."

పేజీలు తిప్పిన చప్పుడు ఆగిపోయింది. "ఇదేం చోద్యం! కథానాయిక పేరుండాల్సిన చోటల్లా గీత గీశారేంటి?"

"నూట నలభై గీతలు," అంది ఫురేరా. "లెక్కపెట్టాను. తక్కిన ఖాళీలన్నీ నింపేశాను."

ఇల్యాసు పకపకా నవ్వాడు. "అచ్చం మా అమ్మలాగే ఉంది మీ వరస! నేను తొలిచూలు కొడుకుని కదా, పుట్టి ముప్పయ్యేళ్ళయినా 'ఒరే పొట్టోడా' తప్ప నా పేరు ఆవిడ నోట రాలేదు. బ్యాంకులో కొడుకు పేరు చెప్పమంటే పక్కింటావిడ చేత చెప్పించింది. మన తల్లులంతా ఇంతే అనుకోండి, పెద్దబిడ్డ పేరెత్తితే సిగ్గుపోయిందంటారు. మరి మీ నాయికకి ఏం వచ్చింది?"

ఫురేరా కూడా నవ్వేసింది.

"ఒక్కసారి చెప్పండి చాలు, కంప్యూటర్లో అన్ని గీతల్లోనూ పడిపోతుంది. నమాజుకి పావుగంటే ఉంది. పేరు లేకుండా తీసుకెళితే మా యజమాని నన్ను గుమ్మం కూడా ఎక్కనివ్వడు."

"రుఖయ్య అందామా?" అడిగింది ఫురేరా.

హజియా తల అడ్డంగా తిప్పింది.

"హిందతు? సలమతు? పోనీ, ఏదో ఒకటి!"

"ఏదో ఒకటి కాదు."

"ఇంత కథా చెప్పి పేరు దగ్గర ఆగిపోతే ఎలా? చెప్పండి హజియా, మీకు దణ్ణం పెడతాను!" ఫురేరా ఏడ్చేసింది.

హజియా నోరు తెరిచింది. పెదవులు కదిలాయి కానీ మాట పెగల్లేదు. మళ్ళీ జబ్బు తిరగబెట్టిందని ఫురేరా గాభరాగా ఆవిడ గడ్డం పట్టుకుంది. హజియా ఆ చెయ్యి తోసేసి, కలం లాక్కుంది. మొదటి నోటుబుక్కు తెర కింద నుంచి వెనక్కి తెప్పించమని ఫురేరాకి సైగ చేసింది. మూడు నెలలుగా కలం ముట్టని మనిషి, ఎడమచేత్తో, అక్షరాలు దిద్దుకునే పిల్లలా వంకరటింకరగా మొదటి గీత మీద ఒకే ఒక్క పేరు రాసింది.

ఫురేరా అది చూసింది. పుస్తకం తిరిగి తెర అవతలికి తోసి, గోడకి ఆనుకుని కూలబడిపోయింది.

"ఫు...రే...రా. ఫురేరా! పేరు భేషుగ్గా ఉంది," అన్నాడు ఇల్యాసు. "దీనికోసమా ఇంత తంటా? ఎవరి పేరు హజియా ఇది?"

హజియా ముసుగు ముఖం మీదికి లాక్కుంది.

ఫురేరా ఆవిడ తొలిచూలు కూతురు.