మిగతా మూడు శాతం

కోటి ఇనప రాడ్డు ఎత్తి మొదటి ఫ్యాను తల పగలగొట్టాడు.

చెన్నై తిరువొత్తియూరు మెయిన్ రోడ్డులో ఏకాంబరం ఎలక్ట్రికల్ షాపు ముందు ఆదివారం రద్దీ. ఆఫర్లో పెట్టిన టేబుల్ ఫ్యాన్ల కోసం వచ్చినవాళ్ళు చెల్లాచెదురయ్యారు. రెండో ఫ్యాను రెక్కలు ఎగిరి అద్దాల బీరువాలో పడ్డాయి. అడ్డొచ్చిన ఏకాంబరం మోచేతి మీద రాడ్డు దిగింది. రక్తం కారింది.

"అమ్మొద్దు," అన్నాడు కోటి రొప్పుతూ. "ఇయ్యి ఎవరికీ అమ్మొద్దు. ముట్టుకుంటే షాకు కొడుతున్నాయి. ప్రాణం తీసేత్తన్నాయి."

ఏకాంబరం చెయ్యి అదిమి పట్టుకుని గుంపు వైపు తిరిగాడు.

"చూస్తిరా? పోయిన వారమంతా వాట్సాప్‌లో ఇదే తిప్పినారు. ఇప్పుడు రౌడీనే పంపినారు. అంతా ఆ ఎదురంగడి జయరామన్ పని పా."

జనంలోంచి ప్రదీప్ ముందుకొచ్చాడు. విజయవాడ నుంచి వచ్చి ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. చంకలో అప్పుడే కొన్న ఫ్యాను డబ్బా. వార్త నిజమో కాదో చెప్పే యాప్ తెరిచి, ఫ్యాను పేరు కొట్టి, దానివల్ల ఎవరైనా చనిపోయారా అని అడిగాడు.

"అబద్ధం. నమ్మకం స్కోరు తొంభై ఏడు శాతం," అని పైకి చదివాడు. "అలాంటి చావు జరిగినట్టు ఎక్కడా వార్త లేదండి."

"తొంభై ఏడంటే?" అంది పక్కన పూలమ్ముకునే తంగమ్మ.

"అబద్ధమేనని దాదాపు ఖాయం అని."

"మరి మిగతా మూడు?"

"అది లేనట్టే అనుకోండి."

జనానికి అది చాలింది. ఎవరో వెనక నుంచి కోటి మెడ పట్టి లాగారు. రాడ్డు చేజారింది. కిందపడినవాణ్ణి కడుపులో తన్నారు. మొహాన తన్నారు. పెదవి చీలింది. కన్ను మూసుకుపోయింది.

ఏకాంబరం జుట్టు పట్టి వాడి తల పైకెత్తాడు. "ఎవురు చచ్చినారు రా? పేరు చెప్పు."

కోటి నోరు తెరిచాడు. పెదవులు కదిలాయి. చూపు రోడ్డు అవతలికి పోయింది.

"పేరు కూడా తెలీదు వీడికి," అన్నాడు ప్రదీప్. అతనూ డొక్కలో ఒకటి తన్నాడు.

కోటి తిరగబడలేదు. చేతులు కూడా అడ్డం పెట్టుకోలేదు. పాక్కుంటూ వచ్చి, ప్రదీప్ చొక్కా పట్టుకు లేచి, అతని చంకలోని డబ్బాను కిందికి లాగి, దాని మీద బోర్లా పడుకున్నాడు. వదిలించడానికి వేళ్ళ మీద తొక్కారు. ఎముక విరిగిన చప్పుడైంది. అయినా వదల్లేదు.

"పోలీసోళ్ళు వచ్చేదాకా ఈడే కట్టెయ్యండి," అన్నాడు ఏకాంబరం.

రోడ్డు అవతల ఆపిన ఆటోలో, ప్రాణం పోయిందని డాక్టరు చెప్పి పంపేసిన తమ పాప ఒళ్ళు ఇంకా చల్లబడలేదని, కోటి భార్య మంగ దాని అరికాళ్ళు రుద్దుతూనే ఉంది.