కూతవేటు దూరం

"ఇవాళ్టికీ రాలేదా డాక్టరమ్మా?"

పిల్లాడి తల్లి ఆ మాట అరిచి అడిగినా బాగుండేది. మెల్లగా అడిగింది. పిల్లల గుండె డాక్టరుకి తల కొట్టేసినట్టయింది.

మంచం మీద కుర్రాడు కిటికీలోంచి కింద ఆడుకునేవాళ్ళని చూస్తున్నాడు. పరిగెడుతూ పరిగెడుతూ పడిపోయాడని తీసుకొచ్చారు. మిగతా పరీక్షలన్నీ బాగానే వచ్చాయి. అది గుండె ఉన్నపళంగా ఆగిపోయే పుట్టులోపమో కాదో జన్యుపరీక్షే తేల్చాలి. తేలేదాకా పరుగు వద్దు, మెట్లు వద్దు, గట్టిగా నవ్వించడం కూడా వద్దు. ఇప్పటికి మూడుసార్లు రక్తం తీసి పంపారు. ఫలితం మాత్రం రాలేదు. ప్రతిసారీ "మళ్ళీ పంపండి" అన్న కబురే వచ్చింది.

"మళ్ళీ గుచ్చుతారా?" అన్నాడు కుర్రాడు, చెయ్యి దుప్పట్లోకి లాక్కుంటూ.

"గుచ్చను నాన్నా. ఇవాళ నేనే వెళ్ళి వాళ్ళని గుచ్చి వస్తాను," అని ఆవిడ విసురుగా వార్డులోంచి బయటపడింది.

ఆసుపత్రినీ పరిశోధనశాలనీ కలిపే గాజు వంతెన మీద డైరెక్టరు గారు అడ్డం తగిలారు. సూట్లు వేసుకున్న అతిథులకి చెయ్యి చాపి చూపిస్తున్నారు.

"ఇటు ఆసుపత్రి, అటు పరిశోధనశాల. దాని వెనక మందుల ఫ్యాక్టరీ, ఆ పక్కన విశ్వవిద్యాలయం. ఇవన్నీ ఒక్కచోట మీకింకెక్కడా కనపడవు. రోగి ఇక్కడ మూలిగితే జవాబు కూతవేటు దూరంలో ఉంటుంది. అదే మా బలం. కావాలంటే మా డాక్టరు గారినే అడగండి."

"కూత నేను వేస్తూనే ఉన్నానండీ. వినేవాళ్ళే లేరు," అంటూ ఆవిడ పక్కనుంచి దూసుకుపోయింది. అతిథుల్లో ఒకాయన నవ్వాడు. డైరెక్టరు గారు నవ్వలేదు.

వంతెన చివర తలుపు తెరుచుకోలేదు. కార్డు ఎన్నిసార్లు తాకించినా ఎర్రదీపమే వెలిగింది.

"అది ఆసుపత్రి కార్డు మేడమ్. ఇటువైపు పనిచెయ్యదు," అన్నాడు లోపలున్న గుమాస్తా, గాజు అవతలినుంచే. "ముందుగా చెప్పి వచ్చారా?"

"చెప్పడమా? వారంనుంచి చెప్పిందే చెప్పి నా నోరు నొప్పెడుతోంది. తియ్యి."

అతను ఆవిడ మొహం చూసి మారుమాట్లాడకుండా తలుపు తీశాడు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అనుకుంటూ ఆవిడ లోపలికి నడిచింది. ఒళ్ళు మండటానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ పరీక్షల విభాగానికి అధిపతి ఆవిడ సొంత చెల్లెలే. పరాయివాళ్ళైతే నాలుగు తిట్టి ఊరుకునేది. తోడబుట్టింది ఫోను కూడా ఎత్తకపోతే ఎవరితో చెప్పుకోవాలి?

చెల్లెలు గదిలో ఒక్కతే ఉంది. అక్కని చూడగానే లేచి నిలబడింది.

"రిపోర్టు ఇస్తావా, ఆ సూట్లవాళ్ళ ముందు పంచాయితీ పెట్టమంటావా?"

"తలుపు వెయ్యక్కా."

"వెయ్యను. అందరూ విననీ. ఏడు సముద్రాల అవతలికి పంపినా ఈపాటికి వచ్చి ఉండేది. ఆ తల్లి మొహం చూడలేక సొంత వార్డులో దొంగలా తిరుగుతున్నాను. నేనేం పాపం చేశానని ఫోను ఎత్తవు?"

చెల్లెలే వెళ్ళి తలుపు వేసి వచ్చింది. "పిల్లాడికి ఆ లోపం లేదు. మూడుసార్లూ లేదు. ఇందాకే సంతకం పెట్టాను."

అక్క గబగబా ఫోను తీసి వార్డుకి చేసింది. "కుర్రాణ్ణి కిందికి దింపండి. ఆడుకోమనండి. అవును, పరిగెత్తవచ్చు." ఫోను పెట్టేసి కళ్ళు తుడుచుకుంది. ఆ వెంటనే కోపం మళ్ళీ తన్నుకొచ్చింది. "మొదటిసారే తెలిస్తే మరి ఇన్నాళ్ళూ ఎందుకు చంపావు?"

"నమ్మలేకపోయాను. పోల్చి చూడటానికి రోగి రక్తం పక్కన ఆరోగ్యవంతుల రక్తం ఒక గొట్టం పెడతాం కదా. లోపం ఆ రెండో గొట్టంలో కనపడింది. గొట్టాలు తారుమారయ్యాయేమోనని పిల్లాడి రక్తం మళ్ళీ మళ్ళీ అడిగాను. తారుమారు కాలేదక్కా."

"అంటే గుండె ఎప్పుడాగుతుందో తెలియని మనిషి, ఆ సంగతే తెలియకుండా తిరుగుతున్నట్టా? అది తెలిసీ ఇక్కడ చేతులు కట్టుకు కూర్చున్నావా? మాత్రలున్నాయి, గుండెలో అమర్చే యంత్రముంది. ఏదైనా మనిషి బతికుండగా పట్టుకుంటేనే. ఎవరిదా రక్తం?"

"మీ ఆసుపత్రి సిబ్బంది అందరూ ఇచ్చినవాటిలో ఒకటి. తీసుకున్నప్పుడే పేర్లు చెరిపేసి అంకెలు వేశారు."

రాత్రింబవళ్ళు ఉరుకులు పెట్టే హెడ్ నర్సు, నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే అంబులెన్సు డ్రైవరు అక్క కళ్ళముందు మెదిలారు. "సరే, పద. అందరినీ వరసగా నిలబెట్టి మళ్ళీ రక్తం తీద్దాం. ఎవడు కాదంటాడో నేను చూస్తాను."

"అక్కర్లేదు. ఎవరిదో తెలిసింది."

"పేర్లు లేవన్నావు కదా. ఎలా తెలిసింది?"

చెల్లెలు అక్క భుజం పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. పట్టుకున్న చెయ్యి తియ్యలేదు.

"పరీక్ష చేసినవాళ్ళదే పొరపాటున కలిసిందేమోనని చివరికి మా జన్యువులతో కూడా పోల్చి చూస్తాం," అంది. "నావాటితో సగానికి సగం సరిపోయాయి. మీ ఆసుపత్రిలో నాకు తోడబుట్టినదానివి నువ్వొక్కదానివేగా అక్కా."